హెవీ లైసెన్సు: మన పైసలతోనే తీసుకుందాం, శేటు పైసలతో వద్దు



పోయిన వారం తాండూరు దిక్కు తమ్ముడు ఒకతను గ్రూపులో పెట్టిన ప్రశ్న చాలామంది చూసే ఉంటరు. "అన్నా, నాకు కారు లైసెన్సు ఉంది. హెవీ చేయించుకుందామంటే డ్రైవింగ్ స్కూల్ల అన్నీ కలిపి 22 వేలు అంటున్నరు. నేను క్లీనర్‌గా పోతున్న లారీ శేటు, 'నేనే కడతా, రెండేండ్లు నా దగ్గరనే నడుపు' అంటున్నడు. సొంతంగా పెట్టుకోవాల్నా, శేటునే కట్టమనాల్నా?"

కింద కామెంట్లు మస్తు వచ్చినయ్. అన్నీ చదివిన. మూడు రకాలు. ఒకటి, "ఉత్తగ వస్తుంటే కాదంటవేంది?" రెండు, "డిగ్రీ చదివినోడివి స్టీరింగ్ పట్టుడేంది, గ్రూప్స్ రాయ్." మూడు, "ఆగు తమ్మీ, ట్రైబల్ వెల్ఫేర్ల ఏదో స్కీమ్ వస్తది."

ఈ మూడూ తప్పే అని నా మాట. కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదవండి.

ముందు శేటు సంగతి. ఉత్తగ ఎవడూ ఇవ్వడు. మా పెద్దనాయన కొడుకుకు 2017లో ఒక ఓనర్ ఇట్లనే కట్టిండు. పేరు అవసరం లేదు. లైసెన్సు చేతికి వచ్చిన రోజే "జాగ్రత్తగ ఉంటది" అని ఒరిజినల్ తీసుకుని తన బీరువాల పెట్టుకున్నడు. అన్న జిరాక్స్ జేబుల పెట్టుకుని తాండూరు నుంచి బండల లోడు, సిమెంటు లోడు నడిపిండు. పద్నాలుగు నెలలకు రెండు నెలల జీతం ఆగింది. వేరే చోట పని దొరికింది, పోతా అన్నడు. "నలభై వేలు పెట్టి లైసెన్సు తీసుకపో" అన్నడు ఓనర్. కట్టింది ఇరవై లోపు, అడిగింది నలభై. అన్న ఇంకో ఎనిమిది నెలలు అక్కడనే నడిపిండు. వదిన కాన్పుకు రెండు రోజులు సెలవు అడిగితే, "లోడు దించి వచ్చినంక పో" అన్నరు. దించి వచ్చేసరికి బిడ్డ పుట్టి మూడో రోజు.

ఈ కథ మనకు కొత్తనా? మన తాతలు పటేండ్ల దగ్గర జీతం ఉన్నరు. పెండ్లికో రోగానికో తీసుకున్న అప్పు, దానికి ఏండ్లకేండ్లు చాకిరీ, అప్పు మాత్రం అట్లనే. ముందు పైసలిచ్చి, దాని బదులు మనిషి ఇంకో చోట పని చేసుకునే స్వేచ్ఛ గుంజుకుంటే అది వెట్టిచాకిరీ అని 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చెప్తది. చట్టం వచ్చి ఇన్నేండ్లయినంక, మనంతట మనమే పోయి లైసెన్సు పేరు మీద మళ్ల జీతం ఉందామా? అప్పుడు జొన్నల సంచి, ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు. తేడా అంతే.

"రెండేండ్లే కదా" అని ఒక అన్న రాసిండు. ఆ రెండేండ్లల్ల ఏం జరుగుతదో ఆలోచించు. శేటు టన్నులు ఎక్కువ వేయమంటే వద్దు అనలేవు. రాత్రి నడిపి వచ్చి పొద్దున మళ్ల తీయమంటే, కండ్లు మూతపడుతున్నయ్ అని చెప్పలేవు. అయిదుగురు, అంతకు మించి పనోళ్లు ఉన్న రవాణా సంస్థల్ల మామూలుగా రోజుకు ఎనిమిది గంటలే పని అని 2025 దాకా అమలుల ఉన్న 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం చెప్పింది. అది అడిగే నోరు ఎవనికి ఉంటది? ఈ పని కాకపోతే ఇంకో పని అని దిగిపోగలిగినోనికి ఉంటది. లైసెన్సు బీరువాల ఉన్నోనికి ఉండదు.

ఇది ఒక్క డ్రైవర్ బతుకు ముచ్చట కాదు. 2025 నవంబర్ 3 పొద్దుగాల మనం ఎవ్వరం మర్చిపోలేదు. తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడ కాడ కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయిన్రు. సోమవారం కాలేజీలకు వాపస్ పోతున్న పిల్లలు అందుల ఉన్నరు. తప్పు ఎవరిదని తేల్చుడు కోర్టు పని, నేను తీర్పు చెప్తలేను. కానీ ఆ రోడ్డు మీద పోయేది మనోళ్లే. బస్సుల కూసుండేది మనోళ్లే, రేపు ఎదురుగా టిప్పర్ల కూసుండేది కూడా మనోళ్లే. నిద్ర వస్తే బండి పక్కకు ఆపే హక్కు లేని డ్రైవర్ ఎంత ప్రమాదమో, పని సరిగ్గ రాని డ్రైవర్ కూడా అంతే ప్రమాదం. అందుకే సొంత పైసలు పెట్టు అని చెప్తూనే, ఆ పైసలతో కార్డు కొనకు, పని నేర్చుకో అని కూడా చెప్తున్న.

ఇంక డిగ్రీ చదివినోళ్ల ముచ్చట. లారీ అంటే చిన్నతనం అనుకునేటోళ్లకు ఒక మాట. మన పెద్దలు ఏం చేసేటోళ్లు? లదేణి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఈ దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచిన్రు. పెద్ద పెద్ద సైన్యాలకు తిండి గింజలు మోసింది బంజారాలే. రైలు వచ్చినంక, రోడ్లు పడినంక ఆ పని పోయింది. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టంతోని అప్పటి దాకా సరుకు మోసిన జాతుల మీద దొంగలనే ముద్ర కూడా పడింది. రవాణా మన తాతల పని. కానీ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. అప్పుడు ఎద్దులు మనవి. ఇప్పుడు లారీ శేటుది, డీజిల్ శేటుది, ఆఖరికి లైసెన్సు కూడా శేటుదే అయితే మనదేం మిగిలింది? నడుము నొప్పి ఒక్కటే.

డిగ్రీ ఉన్నోనికి కూడా హెవీ లైసెన్సు అడ్డం రాదు. 2025 సెప్టెంబర్‌లో ఆర్టీసీకి 1,000 డ్రైవర్ పోస్టుల నోటిఫికేషన్ వచ్చింది. అందుల ఎస్టీ కోటా ఉంది. మన గ్రూపుల ఎంతమంది అప్లై చేయగలిగిన్రు? పదో తరగతి అందరికీ ఉంది. హెవీ లైసెన్సు, దాని మీద అనుభవం, అక్కడ ఆగిపోయినం. నోటిఫికేషన్ వచ్చినంక ఉరికితే లైసెన్సు రాదు, అనుభవం అసలే రాదు.

ఎందుకు రాదో చట్టమే చెప్తది. ట్రాన్స్‌పోర్ట్ బండికి లర్నింగ్ తీసుకోవాలంటే ముందు ఎల్ఎంవీ లైసెన్సు వచ్చి ఏడాది నిండాలె. వయసు 20 నిండాలె. అంటే ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముండ్లు ఇయ్యాల చేయాల్సింది హెవీ కాదు, కారు లైసెన్సు. అది తీసుకుంటే ఏడాది లెక్క మొదలైతది. హాస్టల్ల ఉన్నప్పుడే ఆ ఏడాది గడిచిపోతది.

ఇంకో ముచ్చట, చాలామందికి తెల్వదు. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. లోడుతో కలిపి 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండి నడపడానికి ఎల్ఎంవీ లైసెన్సు చాలు, వేరే ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. అంటే టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి బండ్లకు హెవీ పనిలేదు. తాండూరు మార్కెట్ యార్డుకు కందులు, వికారాబాద్‌కు కూరగాయలు వేసే చిన్న బండి నడుపుడే నీ ఆలోచన అయితే, 22 వేలు దండగ. ఇంట్ల పెట్టుకో. టిప్పర్, పద్నాలుగు టైర్ల లారీ, బస్సు అయితేనే హెవీ. ముందు అది తేల్చుకో.

హెవీనే కావాలనుకుంటే, 22 వేలు ఎట్ల?

మొదటి మాట, ఫైనాన్సోని దగ్గర, వారం వడ్డీకి తీసుకోకు. శేటు తాడు విప్పుకుని ఇంకోని తాడు మెడకు వేసుకున్నట్టు. ఆ తమ్మునికి క్లీనర్‌గా నెలకు 11 వేలు ఇస్తున్నరట. అదే బండి డ్రైవర్‌కు 19 వేలు. తేడా 8 వేలు. అంటే డ్రైవర్ సీట్ల కూసున్న మూడు నెలలకు పెట్టిన పైసలు వాపస్. శేటు మాత్రం ఆ మూడు నెలల పైసలకు రెండేండ్ల బతుకు అడుగుతున్నడు. ఇప్పుడు చెప్పండి, ఏది ఉత్తగ, ఏది పిరం?

క్లీనర్ జీతంల నెలకు రెండు వేలు పక్కకు పెడితే పదకొండు నెలలు. ఎల్ఎంవీ ఏడాది నిండని తమ్ముండ్లకు ఎట్లాగూ అంత టైం ఉంది. అమ్మ మహిళా సంఘంల ఉంటే అక్కడ తక్కువ వడ్డీకి దొరుకుతది, కానీ ఆ కిస్తు అమ్మ నెత్తి మీద పడకుండా నువ్వే కడతా అని ముందే మాట ఇయ్యాలె. మాట తప్పేటట్టుంటే తీసుకోకు.

రెండో మాట, పైసలు కట్టే ముందు కండ్లు చూపించుకో. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు డాక్టర్ సంతకంతో మెడికల్ సర్టిఫికెట్, ఫారం 1ఏ, ఉండాలె. చూపు దగ్గర ఆగిపోతే కట్టిన పైసలు స్కూల్లనే మునుగుతయ్.

మూడో మాట, "రానవసరం లేదు, టెస్టు రోజు వస్తే చాలు" అనే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇయ్యకు. డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ అమ్మేది కాదు, నేర్పి ఇచ్చేది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు 2021ల కేంద్రం పెట్టిన రూల్స్ ప్రకారం హెవీ కోర్సు 38 గంటలు. స్కూలోన్ని అడుగు, ఎన్ని గంటలు స్టీరింగ్ నా చేతుల ఉంటది? లోడు బండి మీద నేర్పుతవా, ఖాళీ బండి మీదనా? రాత్రి నడిపిస్తవా? చెప్పకపోతే లేచి రా. సిరిసిల్ల దగ్గర మండెపల్లిల అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ, టైడ్స్, ఉంది. అక్కడ కూడా కనుక్కో.

నాలుగో మాట, లైసెన్సు వచ్చినంక ఒరిజినల్ ఎవ్వరికీ ఇయ్యకు. డిజిలాకర్ల పెట్టుకో, చెకింగ్‌ల అది కూడా చెల్లుతది. ఓనర్‌కు జిరాక్స్ చాలు. ఒరిజినల్ కావాలె అన్నడంటే ఆ పని ఎట్లుంటదో అప్పుడే అర్థం చేసుకో.

ఇంక స్కీమ్ కోసం ఆగమనే అన్నలకు. సర్కారు ఇయ్యొద్దు అని నేను అంటలేను. ఇయ్యాల్సిందే. మన జిల్లాకు ఐటీడీఏ లేదు. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలంకు ఉన్నది వికారాబాద్‌కు లేదు. మనకు జిల్లా గిరిజన అభివృద్ధి అధికారి, ట్రైకార్, ఇంతే. హెవీ శిక్షణ ఫీజు నేరుగా శిక్షణ కేంద్రానికే కట్టాలె, మధ్యవర్తి చేతికి పోవద్దు అని అడుగుదాం. కానీ అడుగుడు వేరు, చేతులు కట్టుకుని కూసుండుడు వేరు. ఈ కోటాల మనోళ్లు ఆగిపోయింది ఎదురు చూసుట్లనే. అడుగుతూనే ఉందాం, ఆ లోపల ఎల్ఎంవీ ఏడాది నిండనిద్దాం, కిస్తు కిస్తు జమ చేద్దాం.

అందుకే ఒక పని. ఎల్ఎంవీ ఉండి ఏడాది నిండినోళ్లు, నిండనోళ్లు, అసలు లేనోళ్లు, మూడు లెక్కలు కింద కామెంట్ల రాయండి. తండా పేరు, మండలం చాలు, ఫోన్ నంబర్లు పెట్టకండి. వచ్చే సోమవారం వికారాబాద్ కలెక్టరేట్ ప్రజావాణిల ఆ లిస్టుతోని అందరి తరఫున ఒకటే దరఖాస్తు ఇద్దాం.

ప్రశ్న అడిగిన తమ్మునికి నా జవాబు. శేటుకు దండం పెట్టి వద్దని చెప్పు. కోపం చేస్తే చేయనీ. పదకొండు నెలలు ఓపిక పట్టు. ఆ రోజు డ్రైవర్ సీట్ల కూసున్నప్పుడు కార్డు నీ జేబుల ఉండాలె.

జై సేవాలాల్.