మా దినచర్య గైడులో లేదు

బడి పరీక్షల్లో మళ్లీ మళ్లీ వచ్చే వ్యాస ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి, నీ దినచర్య గురించి రాయి. రెండోది, నీకు ఇష్టమైన వినోదం గురించి రాయి. ఈ రెండింటికీ జవాబులు గైడులో అచ్చయి ఉంటాయి. ఆ జవాబులోని అబ్బాయి పొద్దున్నే అయిదింటికి లేస్తాడు. పళ్లు తోముకుని పాలు తాగుతాడు. నాన్నగారు పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని పాఠాలు చదువుకుంటాడు. సాయంత్రం క్రికెట్ ఆడతాడు. తీరిక దొరికితే కథల పుస్తకాలు చదువుతాడు.

ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ పిల్ల కూడా ఇదే రాస్తుంది. సవర పిల్లాడూ ఇదే రాస్తాడు. వాళ్ల ఇళ్లకు పేపరు రాదు. పొద్దున్నే నాన్న చేతిలో ఉండేది గొడ్డలో నాగలో. అయినా జవాబు పత్రంలో మాత్రం నాన్నగారు పేపరు చదువుతూనే ఉంటారు. అలా రాస్తేనే మార్కులు.

ఈ పుస్తకంలో రాస్తున్న మేము ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, హాస్టళ్లలో చదివినవాళ్లం. కొందరం ఇప్పుడు అలాంటి బళ్లలోనే పాఠాలు చెబుతున్నాం. ఇది చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. తన బతుకు గురించి అబద్ధం రాస్తే మార్కులు, నిజం రాస్తే ఎర్రసిరా. ఇలా అయిదారేళ్లు సాగాక "ఆదివాసీ పిల్లలు సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేరు" అని తీర్పు చెబుతారు. సొంతం అన్నదాన్ని తుడిచేసిందెవరు? ఆ ప్రశ్న మాత్రం ఏ సమీక్షా సమావేశంలోనూ వినపడదు.

మా పిల్లల మీద వేసే నిందలు ముఖ్యంగా మూడు. వీళ్లకు చదువు మీద ధ్యాస లేదు. వీళ్లు పుస్తకం పట్టరు. వీళ్లకు ఎప్పుడూ ఆటపాటలే. ఒక్కొక్కదానికీ జవాబు చెబుతాం.

మొదట ధ్యాస సంగతి. విప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. చీకటి ఉండగానే లేచి చెట్టు కిందికి చేరాలి. పొద్దెక్కేదాకా ఆగితే పశువుల పాలవుతుంది. ఇంట్లో నడవగలిగిన ప్రతి మనిషీ ఆ పనిలో ఉండాల్సిందే. ఏరిన పువ్వు ఎండితేనే ఆ ఇంటికి ఉప్పు, నూనె, బట్ట. చింతపండు కొట్టేదీ ఇంచుమించు అప్పుడే. ఆ వెనకే తునికాకు. పదో తరగతి పరీక్షలు పడేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. ఆదివారం ఇంటికి వెళ్లిన పిల్లాడు మంగళవారం తిరిగి వస్తే రిజిస్టరులో సున్నా పడుతుంది, పేరు పక్కన "క్రమశిక్షణ లేదు" అని చేరుతుంది. బడి క్యాలెండరు వేసినవాళ్లు వరికోతలను, సంక్రాంతిని లెక్కలోకి తీసుకున్నారు. విప్పచెట్టును తీసుకోలేదు. ధ్యాస లేనిది ఎవరికి?

అడవి చదువు చాలు, బడి చదువు వద్దు అని మేము అనడం లేదు. అలా అనేవాళ్లను నమ్మవద్దని కూడా చెబుతున్నాం. లెక్కలు రాకపోతే సంతలో తూకం దగ్గర మోసపోతాం. 1/70 చట్టంలో ఏముందో చదవలేకపోతే భూమి పోతుంది. మా తాతలు వేలిముద్ర వేసిన కాగితాల మీద ఏం రాసి ఉందో మాకు ఇప్పటికీ గుర్తుంది. చదువు మాకు కావాలి. అది మా గుమ్మంలోకి వచ్చేటప్పుడు మమ్మల్ని బయటికి నెట్టకుండా రావాలి.

రెండోది పుస్తకం సంగతి. గోండిలోనూ కోయలోనూ నీళ్లను ఏర్ అంటారు. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి గోండు పిల్ల దాహమై "ఏర్" అంటే, వాగుకు పోతానంటోందని మాస్టారు కసరవచ్చు. అది ఆ మాస్టారి తప్పు కాదు. నాలుగు మాటలైనా నేర్పకుండా ఆయన్ని అక్కడికి పంపినవాళ్లది. కానీ దాహంతో కూర్చున్నది మాత్రం పిల్ల. మొదటి రోజు నుంచీ అర్థం కాని మాటల మధ్య కూర్చున్న పిల్లకు పుస్తకం మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది?

ఇది ఎవరికీ తెలియని విషయం కాదు. గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు మా బళ్లలో కూడా పిల్లలు ఆయన బొమ్మకు దండ వేస్తారు. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాడని, 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర నిఘంటువు తెచ్చాడని ఆ సభల్లో ఎందరు చెబుతారు? వాడుకలో ఉన్న భాషలోనే చదువు సాగాలని తెలుగువాళ్ల కోసం పోరాడిన మనిషి సవరల విషయంలోనూ అదే పని చేశాడు. మొదటి సగానికి దండ వేసి రెండో సగాన్ని బీరువాలో పెట్టారు.

నిజాం పాలనలో 1943 ప్రాంతంలో హైమెన్‌డార్ఫ్ పూనికతో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు తయారయ్యాయి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అందేలా చూడమంది. 2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు అచ్చువేశారు. అంటే పుస్తకం తయారు చేయడం చేతకాక ఆగిపోలేదు. ప్రతిసారీ మొదలుపెట్టడం, ప్రతిసారీ చల్లబడటం. ఆ వాచకాలు ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నాయో, తాళం వెనక ఉన్నాయో మీ ఊరి బడికి వెళ్లి మీరే చూడండి.

తాళం అంటే గుర్తొచ్చింది. చాలా బళ్లలో గ్రంథాలయం అంటే హెడ్‌మాస్టరు గదిలోని ఒక ఇనప బీరువా. పుస్తకాలు చిరిగితే లెక్క చెప్పాలని దానికి తాళం వేస్తారు. తనిఖీ రోజున తీసి దుమ్ము దులుపుతారు. చదివితే పుస్తకం నలుగుతుంది, చిరుగుతుంది. అలా చిరిగితే సంతోషించాలి గానీ సంజాయిషీ అడగకూడదు. తాళం తీయని బీరువా పక్కన నిలబడి "మీరు చదవరు" అనడం ఏం న్యాయం?

ఆదివాసీలకు రాత లేదు, పుస్తకం లేదు అనే మాట కూడా తరచూ వింటాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో గోండీ లిపిలో రాతప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇక కోయ డోలీలు కొలుపుల్లో ఎత్తి చూపే పడిగెను చూడండి. గుడ్డ మీద వరసగా బొమ్మలు. ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి గోత్రం కథ, వేల్పు కథ చెబుతారు. వేలుపెట్టి ఒక్కొక్క గుర్తునూ చూస్తూ పెద్దగా వినిపించడాన్ని చదవడం అనక ఇంకేమంటారు?

మూడోది ఆటపాటల సంగతి. ఇక్కడ మాకు ఎక్కువ కోపం వస్తుంది. గుస్సాడీ, ధింసా, రేలా ఇవన్నీ మా వినోదాలని పుస్తకాల్లో రాస్తారు. దండారి రోజుల్లో గోండు ఊరు ఊరంతా కదిలి ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ గోత్రంతో పెళ్లి కుదురుతుందో, పెద్దల ముందు ఎలా మసలాలో అక్కడే తెలుస్తుంది. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీకి ఆ రోజుల్లో నియమాలుంటాయి. అది నేర్చుకుంటే వచ్చేది, నిష్ఠతో నిలబెట్టుకునేది. చదువు లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. దండారి ముగిసేది దీపావళి వేళ. బడి ఇచ్చేది ఒకటో రెండో రోజుల సెలవు. మిగతా రోజుల్లో పిల్లాడు ఊళ్లో ఉంటే గైర్హాజరు.

అదే గుస్సాడీ, అదే ధింసా ఎవరైనా పెద్ద అధికారి వస్తున్నాడంటే పనికొస్తాయి. తరగతి గదిలోంచి ఆడపిల్లల్ని పిలుస్తారు, చీరలు కట్టిస్తారు, ఎండలో వరసగా నిలబెడతారు. కారు రెండు గంటలు ఆలస్యమైనా నిలబడే ఉండాలి. ఆగస్టు 9న వేదిక మీద మాకిచ్చేది అయిదు నిమిషాలు, ఉపన్యాసాలకు గంట. పండక్కి ఆడితే చదువు పాడవుతుందట. అతిథికి ఆడితే పాడవదట! ఈ లెక్క మాకు అర్థం కాదు.

గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. దేశం గౌరవించిన ఆ విద్యలను మా హాస్టల్ టైంటేబుల్ మాత్రం ఒక్క పీరియడుకు కూడా తగినవి అనుకోలేదు. మా పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లతో వెళ్లే పాటలు ఏ గైడులోనూ దొరకవు.

సినిమా మాట కూడా చెప్పుకుందాం. మా పిల్లలకు సినిమా అంటే ఇష్టం. మాకూ ఇష్టమే. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ చూసి ఈలలు వేసినవాళ్లలో మేమూ ఉన్నాం. కానీ చివర్లో మా భీము అల్లూరిని చదువు చెప్పమని అడుగుతాడు. అది కల్పిత కథ, ఆ ఇద్దరూ కలిసి పోరాడింది లేదు, తెలుసు. కల్పించేటప్పుడు కూడా మా చేయే చాపి ఉండాలా? ఆసిఫాబాద్ వైపు చెప్పుకునే కథలో భీము చాందా వెళ్లి విఠోబా దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం తానే నేర్చుకుంటాడు. అల్లూరి కథలోనూ అంతే. గాం గంటందొర, గాం మల్లుదొర సినిమాల్లో వెనక వరసలో ఉంటారు. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన సంగతి మా పిల్లల్లో ఎందరికి తెలుసు? సినిమా చూడవద్దని మేము అనం. చూసి వచ్చాక అందులో మనం ఎక్కడున్నామో అడగమంటాం. ఆ ప్రశ్న వేయడం కూడా చదువే.

సెల్‌ఫోన్ మీద కూడా ఒక మాట. పిల్లలు ఫోన్‌తో పాడైపోతున్నారని పెద్దలు తిడుతున్నారు. తిట్టు పూర్తిగా అన్యాయం కాదు. రేలా పాటకు తీసిన రీలు చూస్తాం. అడుగులు ఉంటాయి, బట్టలు ఉంటాయి, పాట అర్థం మాత్రం తీసినవాళ్లకే తెలియదు. పాడిన అవ్వ పక్క ఇంట్లోనే ఉంటుంది. ఆమెను అడగడానికి అర పూట పడుతుంది. యువతీ యువకులారా, ఆ అర పూట పెట్టండి. అవ్వ పాడుతుంటే రికార్డు చేయండి, ఒక్కొక్క మాటకూ అర్థం అడగండి, రాసుకోండి. ఫోన్‌ను పడేయనక్కర్లేదు, దానికి పని చెప్పండి.

ఇక ఉపాధ్యాయులతో. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక షెడ్యూల్డు తెగల వారికే అని 2000లో వచ్చిన మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని ఉద్యోగాల తగాదాగానే చాలామంది చూశారు. పిల్ల "ఏర్" అంటే వెంటనే నీళ్లిచ్చే మనిషి బడిలో ఉంటారా లేదా అన్నది అసలు సంగతి. ఆ హక్కు కోసం పోరాటం సాగాలి. ఈలోగా ఇప్పుడు బళ్లలో ఉన్న మాస్టార్లు, టీచరమ్మలు, మనవాళ్లయినా బయటివాళ్లయినా, ఏ జీవో కోసమూ ఆగకుండా చేయగల పనులున్నాయి.

బీరువా తాళం తీయండి. తాళంచెవి ఒక విద్యార్థికి ఇవ్వండి. దినచర్య రాయమన్నప్పుడు గైడు మూయించండి. పిల్లలకు ఒక నోటుబుక్కు ఇచ్చి రోజూ ఒక పేజీ రాయనివ్వండి. ఆ రోజు ఏం చదివారు, ఏం అర్థం కాలేదు, ఏం ఆడారు, ఏ పాట విన్నారు. తెలుగు మాట దొరకని చోట తమ భాషే తెలుగు అక్షరాల్లో రాయనివ్వండి. ఆ పుస్తకంలో ఎర్రసిరా పెట్టకండి. మీకు తెలియని మాట కనిపిస్తే పిల్లను అడగండి. ఏడాదికి ఒక తరగతి మాటలన్నీ కలిపితే ఆ ఊరి భాషకు చిన్న నిఘంటువు తయారవుతుంది. గిడుగు ఒక్కడే కూర్చుని చేసిన పని మీ నలభైమంది కలిసి చేయగలరు. అతిథుల కోసం పిల్లల్ని ఎండలో నిలబెట్టకండి. పండగ రోజులకు సెలవు అడగండి, రాతపూర్వకంగా అడగండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరూ నోటుబుక్కు ఇవ్వకపోయినా పాత పుస్తకంలో ఖాళీ పేజీలుంటాయి. ఈ రాత్రే ఒక పేజీ రాయండి. పాలు తాగకపోతే పాలు తాగానని రాయకండి. మీ నాన్న పొద్దున్నే ఏం పట్టుకుని ఎటు వెళ్లాడో రాయండి. వాక్యం తప్పుపోతే పోనివ్వండి, దిద్దుకోవచ్చు. రాసిన పేజీని పక్క మంచం మీది స్నేహితుడికి చదివి వినిపించండి. ఇలాంటి మరో పుస్తకం వేసే రోజుకు ఆ పేజీలు మాకు కావాలి.