కొండ మీద కిలోమీటరు లెక్క చెల్లదు

తెల్లవారకముందే లేచి రోడ్ల మీద పరుగెత్తే నగరవాసుల్లో కొందరు ఈమధ్య దారి మారుస్తున్నారు. హైదరాబాద్ వాళ్లు వారాంతంలో అనంతగిరి అడవుల వైపు, విశాఖ వాళ్లు తూర్పు కనుమల గుట్టల వైపు వెళ్తున్నారు. తారూ సిమెంటూ లేని కాలిబాట మీద, రాళ్లూ వేళ్లూ దాటుకుంటూ, ఎక్కుతూ దిగుతూ సాగే ఈ పరుగును ట్రెయిల్ రన్నింగ్ అంటున్నారు. దీనికి అభిమానులు పెరగడం మంచిదే. అయితే కొత్తవారిని పిలవడానికి చెప్పే మాటల్లో కొన్ని విజ్ఞానశాస్త్రం ముందు నిలబడవు. నిలబడేవి వాటికన్నా ఆసక్తికరంగా ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది మోకాళ్ల మాట. మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి అదురు తగ్గుతుందని, కీళ్లకు మేలని అంటారు. కాలును ఒక స్ప్రింగుగా, దాని కింద ఉన్న నేలను మరో స్ప్రింగుగా ఊహించుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నేల మెత్తబడితే కాలు బిగుసుకుంటుంది, నేల గట్టిపడితే కాలు వదులవుతుంది. రెండూ కలిసిన మొత్తం బిగువు దాదాపు మారదు. ఫెరిస్, లూయీ, ఫార్లీ అనే అమెరికా పరిశోధకులు 1998లో దీన్ని కొలిచి చూపించారు. పరుగెత్తేవారు కొత్త నేల మీద వేసే మొదటి అడుగులోనే ఈ సర్దుబాటు చేసేసుకుంటారని మరుసటి ఏడాది తేల్చారు. అంటే మట్టిబాట అదురును తనంతట తానే మింగేస్తుందన్న భరోసా లేదు. రోడ్డు మీద వేల అడుగులు ఒకే తీరులో పడితే, బాట మీద ఏ రెండు అడుగులూ ఒకేలా పడవు. అసలు తేడా అక్కడ ఉంది. భారం ఒకేచోట పోగుపడకుండా చీలమండకు, పిక్కకు, తుంటికి పంచుకుపోతుంది. పాదం మెలికపడే ప్రమాదం కూడా ఆ తేడాతో పాటే వస్తుంది.

ఎగుడుదిగుడు నేల శక్తిని విపరీతంగా తినేస్తుందన్నది మరో నమ్మకం. ప్రయోగశాలలో రెండున్నర సెంటీమీటర్ల వరకు ఎత్తుపల్లాలున్న ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూస్తే అదనపు ఖర్చు 5 శాతమే వచ్చింది. అలాంటి నేల మీద నడకకే 28 శాతం వరకు పెరిగింది. శక్తిని నిజంగా తినేది ఏటవాలు. ఇటలీ శాస్త్రవేత్త మినెట్టి బృందం కొండ పరుగులో ఆరితేరినవారి మీద చేసిన కొలతలు 2002లో అచ్చయ్యాయి. చదును నేల మీద కిలో బరువుకు మీటరుకు 3.4 జౌళ్లు ఖర్చయితే, వంద మీటర్లకు 45 మీటర్లు లేచే ఎక్కుడులో సుమారు 18.9 జౌళ్లు ఖర్చయ్యాయి. ఐదున్నర రెట్లన్నమాట!

అందుకే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న లెక్క, చేతి గడియారంలో ఎంత ముచ్చటగా కనిపించినా, కొండ మీద పనికిరాదు. స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లోనే ఇంతకన్నా మంచి కొలత ఇచ్చాడు: ప్రతి 3 మైళ్లకు గంట, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు మరో గంట. పది కిలోమీటర్ల దూరంలో 600 మీటర్లు ఎక్కాల్సి ఉంటే నడకకు మూడు గంటలు పడుతుంది. మన పోటీల ప్రకటనల్లో దూరం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎక్కుడు ఎన్ని మీటర్లో వెతుక్కోవాలి. ఇది మారాలి. ఆల్ప్స్‌లో మౌంట్ బ్లాంక్ చుట్టూ జరిగే పేరున్న పోటీ దూరం సుమారు 170 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 10,000 మీటర్లు, గడువు 46 గంటల 30 నిమిషాలు. గడువు చివరి నిమిషంలో చేరినవారి సగటు వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా వారు విజయవంతంగా ముగించినట్టే. ఎక్కుడులో నడవడం నామోషీ అనుకునే కొత్తవారికి ఈ అంకె చెప్పాలి.

దిగుడు సంగతి ఇంకా చిత్రం. వంద మీటర్లకు 20 మీటర్లు దిగే వాలులో ఖర్చు చదును నేల మీద అయ్యేదానిలో సగమేనని మినెట్టి లెక్కలు చెబుతున్నాయి. మరి తిరుమల మెట్లు ఎక్కి, మెట్ల దారినే దిగివచ్చినవారికి మర్నాడు తొడలు పట్టేసేది ఎందుకు? దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బ్రేకుల్లా పనిచేస్తాయి, సాగుతూనే బిగుసుకుంటాయి. ఇలాంటి పనికి ఆక్సిజన్ చాలా తక్కువ చాలు. లండన్‌లో 1952లో రెండు సైకిళ్లను కలిపి, ఒకరు తొక్కుతుంటే మరొకరు పెడళ్లను అడ్డుకునేలా చేసిన ప్రయోగంలో ఇది స్పష్టంగా బయటపడింది. ఆయాసం రాదు కాబట్టి తేలికనిపిస్తుంది. కానీ కండరపు పోగులు అక్కడక్కడ దెబ్బతింటాయి, నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత తీవ్రమవుతుంది. ఊరటనిచ్చే మాట ఒకటుంది: ఒక్కసారి ఓ మోస్తరుగా దిగితే కండరాలు ఆ పనికి అలవాటుపడతాయి, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. మొదటి నెలలో శ్రద్ధగా నేర్చుకోవాల్సింది దిగుడే.

ఇక మనసు తేలికపడటం. బాట మీద పరుగెత్తి వచ్చినవాళ్లు ఈ మాట మళ్లీ మళ్లీ అంటారు. చెట్లకో గాలికో ఆ ఘనతంతా ఇచ్చేయడం తొందరపాటు. రాళ్లదారిలో నడిచేవారి చూపును కెమెరాలతో వెంబడించిన 2018 నాటి అమెరికా పరిశోధన ప్రకారం, మనిషి కళ్లు సుమారు ఒకటిన్నర సెకన్ల తర్వాత చేరే చోటునే పదేపదే చూస్తాయి. నేల కఠినమయ్యేకొద్దీ చూపు మరింతగా దాని మీదే నిలుస్తుంది. పరుగులో ఈ పని ఇంకా వేగంగా జరగాలి. ప్రతి అడుగుకూ చోటు ఎంచుకుంటున్న మెదడుకు ఆఫీసు గొడవలు తలచుకునే తీరిక దొరకదు. ఇది రుజువైన సిద్ధాంతం కాదు, సబబుగా తోచే ఊహ. అయినా రోడ్డు మీద చెవుల్లో పాటలతో పరుగెత్తేవారికీ బాట మీద పరుగెత్తేవారికీ అనుభవంలో ఉన్న తేడాను ఇది బాగానే వివరిస్తుంది. బాట మీద ఇయర్‌ఫోన్లు వద్దనడానికి వేరే కారణం అక్కర్లేదు.

చైనాలోని గాన్సు ప్రాంతంలో 2021 మేలో వంద కిలోమీటర్ల కొండ పోటీ మధ్యలో ఉన్నట్టుండి వడగళ్లు, చలిగాలి విరుచుకుపడటంతో 21 మంది చనిపోయారు. మనకు చలి కన్నా ఎండ, పిడుగు పెద్ద శత్రువులు. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని లోయలో చీలమండ మెలికపడితే కిలోమీటరు దూరం కూడా చాలా దూరమే. ఒంటరిగా వెళ్లకూడదు, ఎటు వెళ్తున్నదీ ఇంట్లో చెప్పాలి, ఒంటి మీద నీళ్లుండాలి. రక్షిత అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. తెల్లవారుజాము మనకు చల్లని వేళ, చిరుతకు ఎలుగుకు తిరిగే వేళ. పొద్దు బాగా పొడిచాక మొదలుపెట్టడం ఇద్దరికీ మంచిది.