పర్లాకిమిడి పంతులు, స్ట్రాస్‌బర్గ్ ప్రొఫెసరు

1936లో ఇద్దరు చరిత్ర పంతుళ్లు తాము పాఠాలు చెప్పిన సరిహద్దు ఊళ్లు విడిచిపెట్టారు. ఒకరు మన గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపేయడం సహించలేక డెబ్బై రెండేళ్ల వయసులో ఇల్లూ వాకిలీ వదులుకుని రాజమండ్రి చేరారు. రెండోవారు ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్. స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పదిహేడేళ్లు పనిచేసి, ఆర్థిక చరిత్ర ఆచార్యుడిగా పారిస్‌లోని సొర్బాన్‌కు వెళ్లారు. ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు చరిత్ర విషయంలో ఏం సాధించాయో, ఎక్కడ ఆగిపోయాయో తేటతెల్లమవుతుంది.

బ్లాక్ 1886లో లియాన్‌లో పుట్టారు. తండ్రి గుస్తావ్ బ్లాక్ రోమన్ చరిత్ర ఆచార్యుడు. కొడుకు పారిస్‌లోనూ, తర్వాత బెర్లిన్, లైప్‌జిగ్‌లలోనూ చదివారు. కొన్నాళ్లు ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సార్జెంటుగా చేరి కెప్టెన్‌గా బయటికొచ్చారు. 1919లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉద్యోగం దొరికింది. 1871 నుంచి జర్మనీ ఏలుబడిలో ఉండి, యుద్ధం ముగిశాక మళ్లీ ఫ్రాన్సుకు దక్కిన నగరం అది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని ఫ్రెంచి ప్రభుత్వం పట్టుబట్టి కొత్తగా నిలబెట్టింది. లూసియన్ ఫెవ్‌ర్ అనే మరో చరిత్రకారుడి గది బ్లాక్ గదికి పక్కనే. శనివారాల్లో చరిత్ర, భూగోళం, భాష, సమాజశాస్త్రం చెప్పేవాళ్లంతా ఒకచోట కూర్చుని ఒకరి పనిని ఒకరు తర్కించుకునేవారు. ఆ సావాసం నుంచే 1929 జనవరిలో ‘అనాల్’ పత్రిక పుట్టింది. రాజుల వరసనూ యుద్ధాల తేదీలనూ కాక రైతునూ నాగలినీ ధరవరలనూ జనం నమ్మకాలనూ చరిత్రకు విషయంగా చేసింది ఆ పత్రిక.

బ్లాక్ పద్ధతి ఎలాంటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఉత్తర ఫ్రాన్సులో పొలాలు సన్నగా, పొడుగ్గా, గట్లు లేకుండా సాగిపోయేవి. దక్షిణాన ఒక క్రమం లేకుండా ముక్కలు ముక్కలుగా ఉండేవి. ఈ తేడా ఎందుకొచ్చింది? ఆయన పాత సర్వే పటాలు ముందేసుకున్నారు. ఉత్తరాదిన వాడిన చక్రాల నాగలి బరువైంది, దాన్ని మడి చివర తిప్పడం కష్టం. తిప్పే అవసరం తగ్గాలంటే నాగటి చాలు పొడుగ్గా ఉండాలి. దక్షిణాది తేలిక నాగలికి ఆ ఇబ్బంది లేదు. అయితే నాగలి ఒక్కటే కారణమని తేల్చేసి ఊరుకోలేదు. ఊరి కట్టుబాట్లు, కోత అయ్యాక అందరి పశువులూ ఆ పొలాల్లో మేసే హక్కు, పంటల వంతు, అన్నీ కలిపి చూశారు. తెలిసిన వర్తమానం నుంచి తెలియని గతంలోకి వెనక్కి నడిచారు. 1931లో వచ్చిన ఫ్రెంచి గ్రామీణ చరిత్ర గ్రంథం ఈ నడకకు ఫలితం. పొలాల పటాలను సేకరించి చదవాలని ‘అనాల్’ తొలి ఏడాదే పిలుపునిచ్చింది.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. గిడుగు 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో గురజాడ అప్పారావుతో కలిసి చదివారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో చేరి చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. పూర్తిచేశారు, అందులోనూ చరిత్రే ప్రధానాంశం. శాసనాలు చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. వంశధార ఒడ్డున ముఖలింగం గుడి స్తంభాల మీది అక్షరాలే బడి అయ్యాయి. నరసన్నపేట ప్రాంతంలోని నడగాంలో దొరికిన తామ్రపత్రాలు శక 979, అంటే క్రీ.శ. 1057 నాటివి, గంగరాజు వజ్రహస్తుడివి. వాటిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో ప్రకటించింది ఈ బడిపంతులే. గంగరాజుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని అక్కడే వాదించారు. రాజు బిరుదులూ వంశక్రమమూ ఊళ్ల దానమూ చెక్కిన ఆ రాగిరేకుల నుంచి ఒక ప్రాంతం రూపురేఖలు రాబట్టారాయన. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో లోకం దృష్టికి తెచ్చిందీ ఆయనే. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. చరిత్ర పంతులు బడి గోడ దాటి జనంలోకి నడిస్తే ఏమవుతుందో బ్లాక్‌కన్నా ముందే మన పక్క ఊళ్లోనే తేలింది.

గురజాడకూ ఈ రంగంతో పొత్తు ఉంది. 1891లో విజయనగరం సంస్థానం ఆయనను శాసన పరిశోధకుడిగా నియమించింది. చిన్ననాటి స్నేహితులిద్దరూ ఒకే కాలంలో కళింగ చరిత్ర ఆకరాల మీద కూర్చున్నారు. ఇద్దరికీ బ్లాక్, ఫెవ్‌ర్‌ల చూపుకు తగ్గ చూపూ ఉంది. లేనిదల్లా పక్కపక్క గదులు, క్రమం తప్పకుండా వచ్చే పత్రిక, పని అందుకునే శిష్యులు. వాడుక భాష ఉద్యమంలో వీళ్లిద్దరికీ తోటివాళ్లు దొరికారు. 1919లో గిడుగు ‘తెలుగు’ పత్రిక నడిపారు. ఆ ఉద్యమం గెలిచింది. ఇవాళ మనం రాసే ప్రతి వాక్యం ఆ గెలుపు ఫలమే. చరిత్రకు మాత్రం అలాంటి బలగం ఏర్పడలేదు. అందుకే భాషోద్యమ పితామహుడు అందరికీ తెలుసు, శాసనాలు చదివిన చరిత్రకారుడు కొందరికే తెలుసు.

స్ట్రాస్‌బర్గ్ నేర్పే పాఠం ఇదే. ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది, దాన్ని తరం దాటించేది సంస్థ. బ్లాక్ విషయంలో ఇది ప్రాణాల మీదికొచ్చినప్పుడు రుజువైంది. 1939లో యాభై మూడేళ్ల వయసులో, ఆరుగురు పిల్లల తండ్రి అయి ఉండీ మళ్లీ సైన్యంలో చేరారు. ఓటమి తర్వాత యూదుడైనందుకు వివక్ష చవిచూశారు. లియాన్‌లో రహస్య ప్రతిఘటనోద్యమంలో కలిశారు. 1944 మార్చిలో గెస్టపో పట్టుకుని హింసించింది, జూన్ 16న కాల్చి చంపింది. సగంలో ఆగిన ఆయన రాతప్రతిని ఫెవ్‌ర్ 1949లో అచ్చు వేయించారు. ‘అనాల్’ ఇప్పటికీ వస్తోంది.

మన దగ్గర ఇప్పుడు సంస్థలకు కొదవ లేదు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో మహారాజా కళాశాల, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆకరాలకూ కొదవ లేదు. విజయనగరం, బొబ్బిలి, టెక్కలి, మందస జమీందారీల కాగితాలు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సర్వే పటాలు, చెరువులూ గెడ్డల కింద పల్లం ఎంతో మెట్ట ఎంతో చెప్పే అడంగల్ పుస్తకాలు ఊరూరి కథనూ దాచుకున్నాయి. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేతో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్తవి వస్తున్నాయి. కార్యాలయానికి అక్కర తీరిన పాత ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) చరిత్రకారుడికి అప్పుడే అక్కరకొస్తుంది. దాన్ని పారేయకుండా నకలు తీసి భద్రపరచాలి.

ప్రతి డిగ్రీ కళాశాల చరిత్ర శాఖ ఏటా ఒక్క ఊరిని చదవగలదు. పిల్లలు పాత పటం చేతబట్టి గట్టు గట్టూ నడవాలి, చెరువు మదుం ఎవరు కట్టించారో, నీటి వంతు ఎలా సాగేదో పెద్దల్ని అడగాలి. భూగోళం, తెలుగు, వ్యవసాయం చెప్పేవాళ్లు కూడా వాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ రాతలను తెలుగులో అచ్చు వేసే పత్రిక ఒకటి ఈ రెండు జిల్లాల నుంచి రావాలి. గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే ప్రతి కళాశాలా అదే రోజు తన మొదటి ఊరి పేరు ప్రకటిస్తే, భాషకు ఆయన చేసిన మేలు చరిత్రకూ అందుతుంది.