నేరం పరుగుది కాదు, తొందరపాటుది

పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న అపోహను ఇకనైనా విడనాడండి. మితంగా పరుగెత్తేవారిలో కంటే కదలక కూర్చునేవారిలోనే మోకీళ్ల అరుగుదల ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. కాళ్లను దెబ్బతీసేది తొందరపాటు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే శ్రమకు అలవాటుపడతాయి. ఎముకలకూ, కండరాలను వాటితో కలిపే స్నాయువులకూ నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేవారికే మడమనొప్పులు పట్టుకుంటాయి.

ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక; ఇలా 20 నిమిషాలు, వారానికి 3 రోజులు మొదట చాలు. పక్కవారితో మాట్లాడగలిగే వేగమే మీ వేగం. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. ఛాతీలో నొప్పి వస్తే ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పతకం కోసం తొలి నెలలోనే 10 కిలోమీటర్ల పోటీకి దిగడం సాహసం కాదు, అవివేకం.