పెరటి పావురాల గూడు: విస్తరణ దృష్టికి రావలసిన ఒక చిన్న నిర్మాణం

రైతు పెరట్లోని ఆవు, గేదె, మేక, కోడి మన శాఖల లెక్కలోనివి. వాటికి టీకాల పట్టికలు, మేపు సూచనలు, పాకల కొలతలు, కరపత్రాలు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్ళు పల్లె పెరళ్ళకు చేరడం వెనుక ఎన్నో ఏళ్ళ విస్తరణ కృషి ఉంది. అదే పెరట్లో, కోళ్ళ గూటికి పది అడుగుల దూరంలో, పాత చెక్కపెట్టెలోనో నూనె డబ్బాలోనో కాపురముండే పావురాల జంటలను గురించి అడిగేవారు అరుదు. పావురం పాల దిగుబడినీ ఇవ్వదు, గుడ్ల ఆదాయాన్నీ ఇవ్వదు. ఇంటి పిల్లలో, యువకులో ఇష్టంతో పెంచుకునే పక్షి అది. ఆ కారణంగానే అది ఏ శాఖ పరిధిలోనూ పూర్తిగా ఇమడలేదు.

పెంపుడు పావురాల గూడు ఎలా ఉండాలో చెప్పడం వ్యవసాయ విస్తరణలో భాగం కావాలని ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. దీనికి పక్షిప్రేమ ఒక్కటే కారణం కాదు. మనం రైతుకు సిఫార్సు చేసే విత్తనశుద్ధి మందులు, ఎలుకల ఎరలు, ఎండబెట్టమని చెప్పే ధాన్యం, ఇవన్నీ పావురం తిరిగే దారిలోనే ఉన్నాయి.

సుల్తానాబాద్ పరిస్థితులు

పెద్దపల్లి జిల్లాలోని సుల్తానాబాద్, కరీంనగర్ నుంచి పెద్దపల్లికి సాగే రాజీవ్ రహదారి మీద ఉంది. కాకతీయ కాలువ నీటితో వానాకాలం, యాసంగి రెండు కాలాల్లోనూ వరి పండే ప్రాంతం ఇది. పట్టణానికి రైస్ మిల్లులే గుర్తింపు. కోతల సమయంలో కొనుగోలు కేంద్రాల్లో, కల్లాల్లో, రోడ్ల అంచున వడ్లు ఆరబోసి కనిపిస్తాయి. గింజలు తిని బతికే పక్షికి ఇంతకంటె అనువైన చోటు ఉండదని అనిపించవచ్చు. అయితే ధాన్యం ఉన్న చోటికి ఎలుకలు, పందికొక్కులు చేరతాయి. వాటి వెంట పాములు, పిల్లులు వస్తాయి. ఎలుకల కోసం మనిషి ఎర పెడతాడు.

ఆ ఎర తయారీ మనం చెప్పినదే. 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ జింక్ ఫాస్ఫైడ్ కలిపి పొట్లాలుగా కట్టి కన్నాల్లో పెట్టమని దశాబ్దాలుగా రైతులకు బోధిస్తున్నాము. పొట్లం కన్నం లోపల ఉన్నంతవరకు అది ఎలుక మందు. పొట్లం చినిగి నూకలు గట్టు మీద పడితే పావురానికి అది మేత. విత్తనశుద్ధి విషయమూ ఇంతే. కత్తెర పురుగు నుంచి రక్షణకు సయాంట్రానిలిప్రోల్, థయోమిథాక్సామ్ మిశ్రమాన్ని మక్కజొన్న విత్తనానికి పట్టిస్తున్నాము. విత్తగా మిగిలిన రంగు గింజలను పెరట్లో పారబోస్తే, లేదా వృథా ఎందుకని పావురాలకు వేస్తే, అవి పక్షికి హాని చేయగలవు. వరి నారుమడిలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు కూడా పక్షులకు తీవ్రమైన విషం. గింజలు ఏరుకునే పక్షి వాటిని మేతగా పొరబడే ప్రమాదం ఉంది.

పంటల క్యాలెండరును ఒకసారి పావురం వైపు నుంచి చూద్దాం. జూన్, జులై నెలల్లో వానాకాలపు విత్తనాలు, నారుమళ్ళు. అక్టోబరు, నవంబరుల్లో కోతలు. ఆ వెంటనే యాసంగి నార్లు, మక్కజొన్న విత్తనాలు. మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో కోతలు, దానితో పాటు మండుటెండ. పావురాన్ని నిర్భయంగా ఊరి మీదకు వదలగల కాలం ఏడాదిలో చాలా కొద్దిగా మిగులుతుంది. అందుచేత ఈ ప్రాంతపు పెరటి పావురాలకు నాలుగు వైపులా మూసిన గూడు, దానికి ఆనుకొని జాలీతో కట్టిన ఎగురుడు ఆవరణ, రెండూ కలిసిన నిర్మాణమే సరైనదని నా అభిప్రాయం.

బంధించడం క్రూరత్వం కాదా?

ఎగిరే పక్షిని జాలీలో ఉంచడం ఏమి న్యాయమని విద్యార్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కదలికకు తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరంలో జంతువును గానీ పక్షిని గానీ ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం నేరం. నూనె డబ్బాలో రెండు జంటలను కుక్కడం, రెక్కలు కత్తిరించి నేల మీద వదలడం హింసేనని మొదట ఒప్పుకోవాలి. రెక్క విప్పి ఒక చివర నుంచి మరో చివరకు ఎగరగల ఆవరణ వేరు. తరతరాలుగా మనిషి దగ్గర పెరిగిన పావురానికి గూడు, జంట, నీరు, ఎండపొడ, ఎగరడానికి చోటు కావాలి. వీటిని సమకూర్చగలిగినన్ని పక్షులనే పెంచాలి. చట్టం రక్షించే పచ్చ పావురాలను, అడవి గువ్వలను పట్టి తెచ్చి గూట్లో పెట్టడం ఎంతమాత్రం తగదు.

నాలుగు జంటలకు గూడు

ఒక సాధారణ కుటుంబానికి నాలుగు జంటలు చాలు. ఎనిమిది పక్షులు నివసించే గది ఆరు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తు ఉండాలి. పక్షికి మూడు చదరపు అడుగుల నేల వస్తుంది. గది నేలమట్టానికి రెండు అడుగుల పైన, కర్ర లేదా సిమెంటు కాళ్ళ మీద నిలవాలి. ప్రతి కాలికి మధ్యలో నున్నని రేకును గరాటు బోర్లించినట్లు బిగిస్తే ఎలుకలు పైకి ఎక్కలేవు. దీనికి ఆనుకొని ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పున ఎగురుడు ఆవరణ కట్టాలి. దాని జాలీని భూమిలోకి ఒక అడుగు దింపి, చివరను బయటివైపు మడిచి పూడ్చితే కుక్కలు, పందికొక్కులు తవ్వి రాలేవు.

జాలీ ఎంపికలోనే ఎక్కువ గూళ్ళు విఫలమవుతాయి. కోళ్ళకు వాడే షట్కోణపు వల చౌకగా దొరుకుతుంది, కాని పిల్లి పంజాకు, కోతి చేతికి నిలవదు. దాని కన్నాల్లోంచి పాము సులభంగా దూరుతుంది. అర అంగుళం గడుల వెల్డెడ్ మెష్ వాడాలి. ఉత్తర తెలంగాణలో కోతుల బెడద తెలిసినదే కనుక గడియకు చిన్న తాళమో, మెలితిప్పిన తీగో తప్పనిసరి. తలుపు ఒకటి కాక రెండు ఉండాలి. మొదటి తలుపు మూసిన తరువాతనే రెండవది తెరిచేలా మధ్య మూడు అడుగుల జాగా వదిలితే పక్షి తప్పించుకోదు.

ఇక ఎండ సంగతి. సుల్తానాబాద్‌కు దగ్గరలోని రామగుండం వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. పడమర, దక్షిణం వైపు గోడలను వెదురు తడకతో కట్టి మట్టి, పేడ పూత పూయాలి. సాయంత్రపు ఎండను, నైరుతి వాన జల్లును అవి ఆపుతాయి. తూర్పు వైపు జాలీ ఉంచితే ఉదయపు ఎండ లోపలికి వస్తుంది. కప్పు కింద ఎదురెదురుగా ఆరు అంగుళాల సందు వదిలి జాలీ బిగిస్తే వేడిగాలి బయటకు పోతుంది. రేకు కప్పు వేస్తే పైన సున్నం పూత, కింద తడక పొర అవసరం. తాటి కమ్మల కప్పు చల్లగా ఉంటుంది గాని దానిలో ఎలుకలు చేరకుండా ఏటా మార్చాలి. వేప నీడ మంచిదే, అయితే కొమ్మ కప్పుకు ఆరు అడుగుల లోపు రాకూడదు. కొమ్మను పట్టుకొనే పిల్లి, కోతి వస్తాయి. చలికాలంలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, రాత్రిపూట తూర్పు జాలీకి గోనె తెర దించితే సరిపోతుంది.

లోపల ఒక్కొక్క జంటకు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల అరలు రెండేసి కావాలి. మొదటి పిల్లలు గూడు విడవకముందే ఆడపక్షి మళ్ళీ గుడ్లు పెడుతుంది. రెండవ అర లేకపోతే కొట్లాటలో గుడ్లు పగులుతాయి. అర ముందు నాలుగు అంగుళాల అడ్డపట్టీ, లోపల మట్టి మూకుడు, కొన్ని వేప పుల్లలు పెడితే గూడును అవే అల్లుకుంటాయి. వాలడానికి రెండు అంగుళాల వెడల్పున్న చదును కర్రలను అడుగు ఎడంతో బిగించాలి. నేల మీద పొడి ఇసుక పరచడం మేలు. మిల్లుల నుంచి ఊక తేలికగా దొరుకుతుంది, కాని దానిలో దుమ్ము ఎక్కువ, తడిస్తే బూజు పడుతుంది.

సంఖ్యకు హద్దు

పావురం ఒక్కో ఈతకు రెండు గుడ్లు పెడుతుంది. ఆడ, మగ రెండూ వంతులవారీగా పొదిగితే సుమారు 18 రోజులకు పిల్లలు వస్తాయి. తల్లిదండ్రులిద్దరి మేతసంచిలోనూ ఊరే పాలవంటి పదార్థమే మొదటి రోజుల ఆహారం. నెల దాటేసరికి పిల్లలు ఎగురుతాయి. మంచి మేత దొరికితే ఒక జంట ఏడాదికి ఐదారు ఈతలు తీయగలదు. అంటే నాలుగు జంటల నుంచి ఏడాదిలో నలభైకి పైగా పిల్లలు రావచ్చు. ఎనిమిది పక్షులకు కట్టిన గూడు ఆరు నెలల్లో ఇరుకవుతుంది. అప్పుడే రోగం, దుర్వాసన, పొరుగువారితో తగాదా మొదలవుతాయి. పిల్లలు అక్కరలేనప్పుడు పెట్టిన వెంటనే గుడ్లు తీసి, వాటి స్థానంలో చెక్క గుడ్లు ఉంచడం సులువైన నియంత్రణ. నిజమైన గుడ్లను ఊరికే తీసేస్తే పక్షి వెంటనే మళ్ళీ పెడుతుంది. చెక్క గుడ్ల మీద పొదుగుతూ కూర్చుంటే దాని శరీరానికి విశ్రాంతి దొరుకుతుంది.

మేత లెక్క కూడా సంఖ్యను గుర్తుచేస్తుంది. పక్షికి రోజుకు దాదాపు 30 గ్రాముల చొప్పున ఎనిమిదింటికి 240 గ్రాములు, నెలకు ఏడు కిలోలకు పైగా. మక్కలు, జొన్నలు, వడ్లకు తోడు పెసలు, అలసందలు కలపాలి. మక్కలను 12 శాతం తేమకు ఆరబెట్టి నిలవ చేయాలి. బూజు పట్టిన గింజల్లోని అఫ్లాటాక్సిన్ పావురానికీ ప్రమాదమే. పావురం తల ఎత్తకుండా ముక్కు ముంచి నీరు పీలుస్తుంది కాబట్టి నీటి పాత్ర కనీసం అంగుళం లోతు ఉండాలి. రెట్ట పడకుండా పైన మూత ఉండాలి.

మనుషుల ఊపిరి

పావురాల ఈకల పొడి, ఎండిన రెట్ట దుమ్ము వల్ల పెంపకందారుల ఊపిరితిత్తులకు వచ్చే వ్యాధిని 1965లోనే వైద్యులు వర్ణించారు. ఏళ్ళ తరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం శాశ్వతమవుతుంది. రెట్టలో పెరిగే క్రిప్టోకాకస్ శిలీంధ్రం రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రమాదకరం. ముంబయిలోని దాదర్ కబూతర్‌ఖానా మూసివేతపై 2025లో చెలరేగిన వివాదంలో ఒకవైపు జీవదయ, మరొకవైపు ప్రజారోగ్యం నిలిచాయి. పెరట్లోనే హద్దులు పాటిస్తే మన పట్టణాల్లో ఆ స్థితి రాదు. గూడు పడకగది కిటికీకి, వంటింటికి, బావికి దూరంగా ఉండాలి. రెట్టను పొడిగా ఊడ్వకూడదు. నీళ్ళు చిలకరించి, ముక్కుకు మాస్కు కట్టుకొని వారానికి రెండుసార్లు గీకి తీయాలి. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు ఈ పని అప్పగించరాదు.

తీసిన రెట్ట వృథా కాదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టూ సఫవీల కాలంలో పావురాల బురుజులు కట్టింది ప్రధానంగా ఎరువు కోసమే. పశువుల ఎరువు కంటె పావురాల రెట్టలో నత్రజని ఎక్కువ. వరిగడ్డి, ఆకులతో కలిపి తడిగా ఉంచి కుళ్ళబెట్టిన తరువాతే పాదులకు వేయాలి. పచ్చి రెట్ట మొక్కను మాడ్చుతుంది, ఆకుకూరలకు రోగకారకాలను చేరుస్తుంది.

కోళ్ళతో కలిపి పావురాలను ఉంచే అలవాటు మానాలి. పావురాల్లో మెడ మెలితిరిగే వ్యాధికి కారణమైన వైరస్, కోళ్ళలోని కొక్కెర తెగులు వైరస్‌కు చెందిన రకమే. అది ఒకదాని నుంచి మరొకదానికి సోకగలదు. కొత్తగా తెచ్చిన పక్షిని నెల రోజులు వేరుగా ఉంచి, టీకాల గురించి పశువైద్యుని సలహా తీసుకోవాలి.

మనం చేయగలిగినది

ఒడిశా పోలీసు శాఖ 1946లో కోరాపుట్‌లో పావురాల విభాగాన్ని ప్రారంభించింది. 1999 తుపానులో తీగలు తెగిపోయినప్పుడు ఆ పక్షులు సమాచారం మోశాయి. క్రమశిక్షణతో నడిపే గూటిని ఒక ప్రభుత్వ శాఖ దశాబ్దాల పాటు నిలబెట్టగలదని ఇది తెలుపుతుంది. మన నుంచి కోరేది అంతకంటె చిన్నది.

రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల పెరటి కోళ్ళ నమూనా పక్కనే నాలుగు జంటల గూడు ఒకటి నిలపవచ్చు. రావెప్ కార్యక్రమంలో పల్లెల్లో ఉండే విద్యార్థులు తమ గ్రామంలోని గూళ్ళు, పక్షుల సంఖ్య, మరణ కారణాలు నమోదు చేస్తే మనకు లేని ప్రాథమిక సమాచారం సమకూరుతుంది. పశువైద్య విశ్వవిద్యాలయంతో కలిసి రెండు పుటల కరపత్రం వెలువరించవచ్చు. అన్నిటికంటె ముందుగా, ఎలుకల ఎర గురించి, విత్తనశుద్ధి గురించి చెప్పే ప్రతి శిక్షణలో ఒక వాక్యం చేర్చాలి: మిగిలిన ఎరను, మిగిలిన రంగు గింజలను లోతుగా పూడ్చండి, ఇంట్లో పావురాలుంటే ఆ వారం వాటిని గూడు దాటనివ్వకండి. ఈ వాక్యానికి కొత్త పథకమో, బడ్జెటో అవసరం లేదు. వచ్చే వానాకాలపు శిక్షణల నుంచే మొదలుపెట్టవచ్చు.