ఇది మీ పాటేనా?

మా కాలేజీ పిల్లల్ని అడిగాను. నో డౌట్ బ్యాండ్ పేరు ఇద్దరు ముగ్గురికి తెలుసు. ఫిష్‌బోన్ పేరు ఒక్కరూ వినలేదు. నా గొడవ ఆ తేడా గురించే.

1979, లాస్ ఏంజిల్స్. బడుల్లో జాతి వేరుబాటు పోగొట్టాలని నల్లపిల్లల్ని బస్సులెక్కించి తెల్లవాళ్ల పేటల బడులకు పంపుతున్న రోజులు. అలా వెళ్లిన ఐదుగురు, ఆ పేటలోనే ఉండే నల్లపిల్లాడు ఏంజెలో మూర్ కలిసి కట్టిన బ్యాండ్ ఫిష్‌బోన్. పంక్, స్కా, ఫంక్, మెటల్ అన్నీ ఒక్క కుండలో ఉడికించారు. 1991 నాటి 'ది రియాలిటీ ఆఫ్ మై సరౌండింగ్స్' వినండి, చెవుల తుప్పు వదులుతుంది. 1993 ఆల్బమ్ తర్వాత కొలంబియా కంపెనీ వాళ్లను వదిలేసింది.

రాక్ రేడియోకి వీళ్లు మరీ నల్లవాళ్లు. నల్లవాళ్ల రేడియోకి వీళ్లది మరీ రాక్. అసలు రాక్ పుట్టిందే సిస్టర్ రొజెటా థార్ప్, చక్ బెర్రీల గిటార్ల మీద కదా! వాళ్ల మనవలనే 'ఇది మీ సంగీతమేనా' అన్నారు.

ఫిష్‌బోన్‌ని వింటూ ఎదిగిన నో డౌట్ 'ట్రాజిక్ కింగ్‌డమ్' ఒక్క అమెరికాలోనే కోటి కాపీలు పోయింది. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ అభిమానాన్ని వాళ్లెప్పుడూ దాచలేదు. కానీ అభిమానం అద్దె కట్టదు.

నా పీహెచ్‌డీ వైవాలో ఒక పెద్దాయన 'చిక్కనవుతున్న పాట' ప్రస్తావన రాగానే అడిగారు: "ఇది కవిత్వమా, నినాదమా?" ఆ రోజు నీళ్లు నమిలాను. ఇప్పుడడిగితే, ఆ అరలు ఎవరు కొట్టించారండీ అని అడుగుతాను.

మూర్ ఇంకా పాడుతూనే ఉన్నాడు.