చూపించాల్సింది బిడ్డనా, తల్లి జాడనా?

మిరప కల్లాల రోజుల్లో చిలకలూరిపేట దగ్గరి ఒక ఊళ్లో కూలి స్త్రీలతో మాట్లాడుతున్నాను. తాలుకాయలు ఏరుతున్న ఒకామె, "వచ్చే ఆదివారం నేను పనికి రానక్కా, బాబుని వాళ్ల నాన్నకి చూపించాలి" అంది. "చూపించి నాలుగు తినొస్తావు" అంది పక్కనున్నామె. ఎవరూ నవ్వలేదు.

తాగి కొట్టే భర్తను వదిలి ఆమె పుట్టింటికి వచ్చి రెండేళ్లయింది. బాబు తల్లి దగ్గరే ఉండాలనీ, పదిహేను రోజులకొకసారి తండ్రికి చూపించాలనీ కోర్టు చెప్పింది. ఎక్కడ చూపించాలో, పక్కన ఎవరుండాలో చెప్పలేదు. బస్టాండులో బిడ్డను చేతికందించే ఆ ఐదు నిమిషాలే అతనికి చాలు. రెండుసార్లు కొట్టాడు. వెళితే దెబ్బలు, వెళ్లకపోతే కోర్టు మాట మీరినట్టు. ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీలూ పోవడం సరేసరి.

బాబు నాన్న కోసం అడుగుతుంటాడని కూడా ఆమే చెప్పింది. అందుకే ఈ సమస్యను తేలిగ్గా తేల్చేయలేం. తండ్రిని చూడడం, అతని ప్రేమ పొందడం బిడ్డ హక్కు. అయితే అది భార్య మీద భర్తకు మిగిలిపోయిన పెత్తనంగా మారకూడదు.

మన చట్టంలోనే ఆ పెత్తనానికి మూలముంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షను తండ్రిని సహజ సంరక్షకుడిగా చెప్పి, 'అతని తర్వాత' తల్లి అంటుంది. తండ్రి బతికుండగా కూడా, అతను బాధ్యత పట్టించుకోనప్పుడు తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. చట్టంలో ఆ మాట మాత్రం అలాగే ఉంది. బిడ్డ క్షేమమే ప్రధానమని 13వ సెక్షను చెబుతుంది. కానీ తల్లి తిన్న దెబ్బల్ని 'మొగుడూ పెళ్లాల గొడవ' అని పక్కన పెట్టి, బిడ్డ క్షేమాన్ని విడిగా తూస్తుంటారు. అమ్మను కొట్టడం కళ్లారా చూసిన బిడ్డకు అది క్షేమమా?

2005 నాటి గృహహింస చట్టం ఈ రెంటినీ కలిపి చూసింది. 21వ సెక్షను కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, తండ్రి ఎలా చూడాలో నిర్ణయించవచ్చు. ఆ చూపు బిడ్డకు హాని అనిపిస్తే నిరాకరించి తీరాలి. 26వ సెక్షను ప్రకారం ఈ రక్షణను ఫ్యామిలీ కోర్టులో నడుస్తున్న కేసులో కూడా అడగవచ్చు. అడుగుతున్నామా? మనోవర్తి కాగితాల్లో పడి, ఈ ఒక్క పేరా రాయించడం మనమే మర్చిపోతున్నాం.

తల్లిదండ్రుల ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటివ్వాలని 2015లో లా కమిషను తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. వినడానికి సమానత్వంలాగే ఉంటుంది. ఆస్ట్రేలియా 2006లో తల్లిదండ్రుల సమాన బాధ్యతే బిడ్డకు మేలన్న భావనను చట్టంలో పెట్టి, 2023లో దాన్ని తొలగించింది. హింస ఉన్న ఇంట్లో సమానం ఎక్కడిది?

కనుక మన కార్యకర్తలకు నా విన్నపం. కస్టడీ కేసు వచ్చినప్పుడు ముందు హింస గురించి అడగండి. రక్షణాధికారి చేత గృహహింస నివేదిక రాయించండి. బిడ్డను చూపించే చోటు, వేళ, తోడుండే మనిషి, బిడ్డను తల్లి కాక మరొకరు అందించే ఏర్పాటు, దారి ఖర్చు - ఇవన్నీ పిటిషనులోనే రాయించండి. తోడు ఎవరూ దొరక్కపోతే మనమే వెళ్దాం.

ఆ ఆదివారం ఆమె వెంట కల్లంలో పనిచేసే ఇద్దరు స్త్రీలు వెళ్లారు. ఆ రోజు అతను చెయ్యెత్తలేదు. బాబు నాన్నతో గంటసేపు ఆడుకున్నాడు. కోర్టు ఉత్తర్వులో రాయని ఏర్పాటును కూలి స్త్రీలు చేసి చూపించారు. దాన్ని ఉత్తర్వులోకి ఎక్కించే పని మనది.